తలలో మచ్చ: నీళ్లా, గడ్డా?

అందరికీ నమస్కారం.

1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక మహిళకు తల స్కాన్ తీశారు. ఒక రోగికి సీటీ తీయడం అదే మొదటిసారి. మెదడు ముందు భాగంలో గడ్డ ఉందని డాక్టర్ల అనుమానం. బొమ్మ అటు 80 గడులు, ఇటు 80 గడులు, అంతే. మీ ఫోన్‌లో అంత ముతక ఫోటో వస్తే వెంటనే డిలీట్ చేసేస్తారు. అయినా అందులో సిస్ట్, అంటే ద్రవం నిండిన తిత్తి, నల్లగా, గుండ్రంగా కనిపించింది. అంతకు ముందు మామూలు ఎక్స్‌రేలో పుర్రె కనిపించేది గానీ మెదడు కనిపించేది కాదు. అందుకని నడుం దగ్గర సూది గుచ్చి, మెదడు చుట్టూ ఉండే నీరు కొంత తీసి, గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ తలనొప్పి రోజుల తరబడి వేధించేది. సీటీ మిషన్ తయారుచేసిన ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని వెనకున్న లెక్కలు కట్టిన కార్మాక్‌కు 1979లో నోబెల్ వచ్చింది.

నేను రోజంతా ఇలాంటి బొమ్మలే చూస్తాను. మచ్చ కనిపించగానే నాకొచ్చే మొదటి అనుమానం, ఇది నీళ్లేనా అని. కొలవడానికి బద్ద బయటినుంచి తెచ్చుకోనక్కర్లేదు. మెదడు మధ్య గదుల్లో ప్రతి మనిషికీ నీరు ఉంటుంది, దానితోనే పోల్చి చూస్తాం. సీటీలో నీటి విలువ సున్నా. ఎమ్మారైలో అదే తలను రకరకాలుగా తీస్తారు: టీ1 అనే బొమ్మలో నీరు నల్లగా, టీ2లో తెల్లగా ఉంటుంది. ఫ్లేర్ అని ఇంకో బొమ్మ ఉంది, అందులో మామూలు నీరు మళ్లీ నల్లబడిపోతుంది. మచ్చ ఈ మూడింటిలోనూ ఆ నీటిలాగే రంగు మార్చుకుంటూ పోతే, అది చాలావరకు అరక్నాయిడ్ సిస్ట్, అంటే మెదడు పొరలో ఏర్పడే నీటి తిత్తి. ఎక్కువమందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

అయితే ఇక్కడే ఒక దొంగ ఉంది, ఎపిడెర్మాయిడ్, అంటే చర్మం లాంటి కణాలు పోగుపడి ఏర్పడే గడ్డ. టీ1, టీ2లలో అచ్చం నీటిలాగే నటిస్తుంది. దాన్ని పట్టించేది డిఫ్యూజన్ బొమ్మ. నీటి కణాలు స్వేచ్ఛగా కదులుతున్నాయా, ఇరుక్కుపోయాయా అన్నది అందులో తెలుస్తుంది. మామూలు నీరు నల్లగా ఉంటే, ఎపిడెర్మాయిడ్ తెల్లగా వెలుగుతుంది.

ఆ బొమ్మ విలువ నిజంగా తెలిసేది ఉంగరం కనిపించినప్పుడు. చుట్టూ వెలిగే అంచు, మధ్యలో నల్లటి ద్రవం. లోపల కుళ్లిన కణితి కావచ్చు, చీము గడ్డ కావచ్చు. ఒకదానికి ఆపరేషన్, రేడియేషన్. రెండోదానికి చీము తీయడం, వారాల తరబడి యాంటీబయాటిక్స్. చీము చిక్కన, నీటి కణాలు కదల్లేవు, అందుకే డిఫ్యూజన్‌లో మధ్య భాగం మెరుస్తుంది. ఎప్పుడూ ఇలాగే ఉంటుందనను, కానీ చాలాసార్లు దారి చూపిస్తుంది.

“కాంట్రాస్ట్ ఇచ్చాక వెలిగింది, క్యాన్సరేనా సార్?” అని అడుగుతారు. ఎమ్మారైలో కాంట్రాస్ట్‌గా ఎక్కించే మందు గడోలినియం. అది క్యాన్సర్‌ను వెతుక్కుంటూ వెళ్లదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ ఎక్కడ పాడైందో, అసలే లేదో, అక్కడ బయటికి కారుతుంది. మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా అనే కణితి దీపంలా వెలుగుతుంది, అయినా చాలావరకు క్యాన్సర్ కాదు. మెదడులోనే పుట్టి నెమ్మదిగా పెరిగే గ్లయోమా అనే కణితులు కొన్ని అసలు వెలగవు, పెరగడం మాత్రం మానవు.

సైజు చూసి కూడా మోసపోకూడదు. మెదడు గదుల్లో వచ్చే కొల్లాయిడ్ సిస్ట్ ఒక సెంటీమీటరే ఉన్నా, నీరు పారే ఇరుకు దారిలో కూర్చుంటే ప్రాణం మీదికి తెస్తుంది. ఇక కణితి అసలు పేరు చెప్పాల్సింది ముక్క తీసి పరీక్షించినవాళ్లే. ఇప్పుడు ఆ ముక్కలో ఐడీహెచ్ లాంటి జన్యువుల్లో మార్పులు కూడా చూస్తున్నారు.

ఒకసారి తలనొప్పితో వచ్చిన ఒకాయనకు మూడు సెంటీమీటర్ల సిస్ట్ కనిపించింది. ఇంట్లోవాళ్లంతా ఏడుపు. ఆరేళ్ల కిందట బండి మీంచి పడ్డప్పుడు తీసిన స్కాన్ ఇంట్లో ఉందని వాళ్ల నాన్నకు గుర్తొచ్చింది. గీతలు పడ్డ ఆ సీడీ మూడోసారికి తెరుచుకుంది. అప్పుడూ మూడు సెంటీమీటర్లే. తలనొప్పికి కారణం ఇంకెక్కడో వెతకాల్సి వచ్చింది.