సోఫా తడిపే పిల్లిని వదిలేసే ముందు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఈ ఉక్కలో, మన వైజాగ్‌లో ఇటు మధురవాడ నుంచి, అటు గాజువాక నుంచి కూడా వచ్చారు, చాలా సంతోషం.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మీ ఇంట్లో మగపిల్లి ఉండి, అది పొద్దుట్నుంచి మాటిమాటికీ తన మలమూత్రాల డబ్బాలోకి వెళ్ళి కూర్చుని, ముక్కి, ఒక్క చుక్క కూడా పోయకుండా లేచి వచ్చేస్తోందంటే, నా మాటలు వినడం ఆపేసి ఇప్పుడే ఇంటికి వెళ్ళండి, దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. రేపు చూద్దాంలే అనుకోవద్దు. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకి వస్తుంది. మిగతాదంతా ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా పిల్లి పండు విషయంలో నేను చాలా ఆలస్యం చేశాను. మేము పెదవాల్తేరులో పాత ఇంట్లో ఉండేవాళ్ళం. వెనక పెరడు, జామచెట్టు కింద మెత్తటి మట్టి. వాడు అక్కడే గొయ్యి తవ్వుకుని, పని అయ్యాక మట్టి కప్పేసి, బుద్ధిగా లోపలికి వచ్చేవాడు. ఆ ఇల్లు బిల్డరుకి ఇచ్చేశాక ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాట్‌కి మారాం. మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి కొని, సువాసన వచ్చే లిట్టర్, అంటే పిల్లి తవ్వుకుని కప్పెట్టుకునే గుళికలు, అందులో పోసి, వాషింగ్ మెషీన్ పక్కన పెట్టి, ఇక అలవాటు పడతాడులే అనుకున్నాను. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ఒకరోజు సోఫా మీద పోశాడు, మర్నాడు దివాన్ మీద, ఆ మర్నాడు మా అత్తయ్యగారు మడతపెట్టి పెట్టుకున్న దుప్పటి మీద. ఆవిడ మడీ పూజా పాటించే మనిషి. ఇల్లంతా ఆ ఘాటు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ "ఓలమ్మో, పిల్లి మీ మీద పగబట్టేసినాదమ్మా, పూర్ణా మార్కెట్ కాడ ఒగ్గేయండి, చేపలు తినీసి బతికేస్తాది" అంది.

వదిలేయలేదు గానీ, అంతకన్నా మంచి పనేమీ చేయలేదు నేను. ఫినైల్ వేసి తుడిచాను. పోసిన చోట మూతి రుద్దితే బుద్ధి వస్తుందని ఎవరో చెబితే అదీ చేశాను. వాడు మంచం కిందకి దూరి, నేను గదిలోకి వస్తే బయటికి రావడమే మానేశాడు. చివరికి గమనించింది అత్తయ్యగారే. "అమ్మాయ్, వీడు అరగంటలో ఆరుసార్లు ఆ డబ్బాలోకి వెళ్ళాడు, లోపల చూస్తే పొడిగానే ఉంది" అన్నారు. ఆ రాత్రే ఆసుపత్రికి పట్టుకెళ్ళాం. డాక్టరు పొట్ట తడిమి చూసి, మూత్రాశయం బంతిలా గట్టిపడిపోయిందని చెప్పి, మత్తిచ్చి సన్నటి పైపు వేసి మూత్రం తీశారు. మూడు రోజులు అక్కడే ఉంచారు. బతికాడు. సోఫా మీద పోసిన అన్నాళ్ళూ వాడికి నొప్పి. కూర్చున్న ప్రతిసారీ మంట పుడుతుంటే, పిల్లి ఆ మంటని ఆ డబ్బాతోనే ముడిపెట్టుకుంటుంది, ఈ డబ్బాలో కూర్చుంటేనే నొప్పి వస్తోందని దాని మనసులో పడిపోతుంది. అందుకని మెత్తటి చోటు వెతుక్కుంటుంది, మనింట్లో మెత్తగా ఉండేవి సోఫా, పరుపు, దుప్పటి.

కాబట్టి పిల్లి పగబట్టింది అన్న మాట దయచేసి మనసులోంచి తీసేయండి. నన్ను ఇంట్లో వదిలేసి ఊరెళ్ళారు కదా, చూపిస్తా నా తడాఖా అని లెక్కలు వేసుకునే జంతువు కాదది. చెప్పిన చోట పోయడం మానేసిందంటే దానికి ఒంట్లో బాగోలేదు, లేదా ఆ చోటు నచ్చలేదు, లేదా ఇంట్లో ఏదో భయపెడుతోంది. మూడూ కలిసి కూడా ఉండొచ్చు, మా పండుకి అలాగే జరిగింది.

ఒంటి సంగతి ముందు తేల్చుకోవాలి. మూత్రం పరీక్ష చేయించండి, అవసరమైతే డాక్టరు స్కానింగ్ రాస్తారు. వయసులో ఉన్న పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది, ఫలానా కారణమని చెప్పలేని మూత్రాశయం వాపు. దానికీ టెన్షన్‌కీ దగ్గర సంబంధం ఉంది. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, పసిబిడ్డ పుట్టడం, ఇంట్లో మేస్త్రీలు పని చేయడం, ఇలాంటివాటితో అది తిరగబెడుతుంది. కొన్నింటికి మూత్రంలో స్ఫటికాలు, రాళ్ళు తయారవుతాయి. పెద్ద వయసు పిల్లులకి షుగరు, కిడ్నీ జబ్బు, కీళ్ళనొప్పులు. మోకాళ్ళు పట్టేసిన ముసలి పిల్లి ఎత్తు గోడల డబ్బాలోకి ఎలా ఎక్కుతుంది చెప్పండి? ఇంకో సంగతి, చిన్న వయసు పిల్లుల్లో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తక్కువ, అందుకని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి వేయకండి. నొప్పి కదా అని పారాసిటమాల్ అసలే వేయకండి, మనకి మామూలుగా పనిచేసే ఆ ఒక్క మాత్ర పిల్లిని చంపేస్తుంది.

నీళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పిల్లులు ఎడారి ప్రాంతపు అడవి పిల్లి సంతతి, నీళ్ళు తక్కువ తాగి మూత్రాన్ని చిక్కగా దాచుకునే ఒళ్ళు వాటిది. పొడి గింజల మేతలో నీరు పదో వంతు ఉంటే గొప్ప, తడి ఆహారంలో ముప్పావు వంతు పైనే ఉంటుంది. మూత్రం ఇబ్బంది ఉన్న పిల్లికి తడి ఆహారం పెట్టండి. మనది చేపల ఊరు కాబట్టి, ఉప్పూ కారం లేకుండా చేప ఉడికించిన నీళ్ళు చల్లార్చి పోస్తే చాలా పిల్లులు ఇష్టంగా తాగుతాయి. మనం తినే పులుసు మాత్రం పెట్టకండి, ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి.

ఇక డబ్బా. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే ఆరోగ్యం బాగున్న పిల్లి సోఫా ఎక్కిందంటే చాలాసార్లు తప్పు డబ్బాదే. షాపుల్లో అమ్మేవి చాలావరకు పిల్లికి చిన్నవి. ముక్కు దగ్గర నుంచి తోక మొదలు దాకా పిల్లి పొడవు ఎంతో, దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, లోపల తిరగగలగాలి, తవ్వగలగాలి. మూత వద్దు. మూత మన ముక్కుకి హాయి, లోపల ఉన్న దానికి మాత్రం వాసన గదిలో తలుపు వేసి బంధించినట్టు ఉంటుంది. పైగా ఇంకో పిల్లి ఉంటే బయట కాపు కాస్తుంది, లోపలిది తప్పించుకోలేదు. సువాసన లిట్టర్ వద్దు. సన్నటి ఇసుకలా ఉండి, తడిస్తే ఉండకట్టే బెంటొనైట్ మట్టి చాలా పిల్లులకి నచ్చుతుంది, రెండు మూడు అంగుళాల మందాన పోయండి. 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన, అప్పటిదాకా బూడిద, ఇసుక వాడుతున్న పొరుగావిడకి ఆరిన బంకమట్టి గుళికలు ఇచ్చి చూశాడు, ఈ లిట్టర్ వ్యాపారమంతా అక్కడే మొదలైంది. అంతకుముందు చాలా పిల్లులు మన పెరటి మట్టిలాంటి చోటే వెళ్ళేవి. అందుకే మా పండు విషయంలో డాక్టరు చెప్పిన చిట్కా పనిచేసింది. కొత్త లిట్టర్ మీద గుప్పెడు పొడి పెరటి మట్టి చల్లాం, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం.

ఇక్కడ కొంతమంది బీచ్ ఇసుక తెచ్చి వాడుతున్నారని విన్నాను. అది వద్దు. ఉప్పు వల్ల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, తడిని పట్టుకోదు, కాళ్ళకి అంటుకుని ఇల్లంతా వస్తుంది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల నుంచి ఇసుక తేవడమైతే ఇంకా తప్పు, అది కాపాడుకోవాల్సిన భూవారసత్వం.

ఎన్ని డబ్బాలు? ఎన్ని పిల్లులుంటే అన్ని, పైన ఇంకొకటి. రెండు పిల్లులకి మూడు. అవి కూడా వరసగా ఒకే మూల పెడితే పిల్లికి ఒకటే లెక్క, వేరు వేరు గదుల్లో ఉండాలి. తిండి గిన్నె పక్కన పెట్టకండి, వాషింగ్ మెషీన్ పక్కన, మోటారు స్విచ్ పక్కన పెట్టకండి, సరిగ్గా కూర్చున్నప్పుడు మెషీన్ గిర్రుమని తిరిగితే ఇక జన్మలో ఆ వైపు రాదు. ఫ్లాట్‌లో అంత చోటెక్కడిది అంటారని తెలుసు. నేనూ అన్నాను. కానీ సోఫా మార్చే ఖర్చు కన్నా టీవీ స్టాండ్ పక్కన రెండు అడుగుల చోటు చవక. పొద్దునా సాయంత్రం ఉండలు తీసేయాలి, వారం పది రోజులకోసారి మొత్తం పారేసి మామూలు సబ్బునీళ్ళతో కడగాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఇంకొకరు చేయండి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో ఉండే అవకాశం ఉంది, అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి రోజూ తీసేస్తే భయం చాలా తగ్గుతుంది. అంతేగానీ కడుపుతో ఉన్నావని పిల్లిని వీధిలో పెట్టక్కర్లేదు.

గోడకి, కర్టెన్‌కి, బీరువా పక్కన కొద్దికొద్దిగా చిమ్మితే అది వేరు కథ. నిలబడి, తోక నిటారుగా ఎత్తి, దాని కొస వణికిస్తూ వెనక్కి చిమ్ముతుంది. అంటే, "ఇది నా చోటు" అని గుర్తు వేసుకోవడం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని గండుపిల్లులు ఎక్కువ చేస్తాయి, ఎదకొచ్చిన ఆడపిల్లులు కూడా చేస్తాయి. ఆపరేషన్ చేయిస్తే మగపిల్లుల్లో పదింట తొమ్మిదింటికి తగ్గిపోతుంది, ఐదారు నెలల వయసులో, అలవాటు పడకముందే చేయిస్తే మరీ మంచిది. చేయించినా చిమ్ముతోందంటే కిటికీలోంచి చూడండి, సెల్లార్‌లో తిరిగే వీధిపిల్లి ఒకటి రోజూ గోడెక్కి దీన్ని చూసి వెళ్తూ ఉంటుంది. అద్దం కింది సగానికి కాగితం అంటించండి చాలు.

శుభ్రం చేయడంలోనే మనం ఎక్కువ పొరపాట్లు చేస్తాం. ఫినైల్, డెట్టాల్ లాంటి వాటిలో ఉండే ఫినాల్ జాతి రసాయనాల్ని పిల్లి కాలేయం విడగొట్టలేదు, అది తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే విషం లోపలికి వెళ్తుంది. కలరా ఉండలు కూడా విషమే, సోఫా సందుల్లో వేయకండి. బ్లీచింగ్ మూత్రం మీద పోస్తే ఘాటైన విషవాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్ పిల్లికి మళ్ళీ మూత్రం వాసనలాగే తగులుతుంది. తడిగా ఉండగానే పాత తువ్వాలు వేసి గట్టిగా అదిమి పీల్చండి, రుద్దకండి. చల్లటి నీళ్ళు పోసి మళ్ళీ అదమండి. తర్వాత పెట్ షాపుల్లో దొరికే, మూత్రాన్ని విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ పైపైన చిలకరించడం కాదు, మూత్రం ఎంత లోతుకి దిగిందో అంత లోతుకి, లోపలి ఫోమ్ దాకా దిగేలా పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలేయండి. వేడినీళ్ళు, ఆవిరి వద్దు, మరక ఇంకా పట్టేస్తుంది. వెనిగర్, వంటసోడా కొంత సాయం చేస్తాయి గానీ మూలం పోదు. మన వైజాగ్ గాలిలో చెమ్మ ఎక్కువ కదా, ఎండాకాలం పోయిందనుకున్న వాసన ముసురు పట్టగానే మళ్ళీ లేస్తుంది, అంటే ఎక్కడో మిగిలి ఉందని. రాత్రి లైట్లు ఆర్పి యూవీ టార్చ్, అంటే అతినీలలోహిత కాంతి ఇచ్చే లైటు, వేసి చూడండి, పాత మరకలన్నీ మెరుస్తాయి. మా ఇంట్లో అనుకోని చోట నాలుగు దొరికాయి, అందులో ఒకటి దేవుడి గది గుమ్మం పక్కనే. అత్తయ్యగారు ఏమీ అనలేదు, ఆ మూల తనే దగ్గరుండి మూడుసార్లు కడిగించారు.

శుభ్రం చేశాక కొన్నాళ్ళు ఆ చోట ప్లాస్టిక్ షీటు పరచండి, లేదా దాని గిన్నె అక్కడ పెట్టండి, తిండి తినే చోట మూత్రం పోయడం పిల్లికి ఇష్టముండదు.

భయాల సంగతి. దీపావళి టపాసుల గురించి అందరికీ తెలుసు, కానీ మన ఊళ్ళో నేవీ విన్యాసాలకి ముందు రిహార్సల్స్‌లో జెట్ విమానాలు తలమీదుగా వెళ్తాయి చూడండి, బీచ్ రోడ్డుకి దగ్గరున్న ఇళ్ళలో పిల్లులు గిలగిల్లాడిపోతాయి. ఆ రోజుల్లో కిటికీలు మూసి, లోపలి గదిలో ఒక అట్టపెట్టె, అందులో మీరు కట్టి విప్పిన చీరో చొక్కానో వేసి, డబ్బా కూడా ఆ గదిలోనే పెట్టండి. మంచం కింద దాక్కుంటే లాగకండి. తిట్టడం, కొట్టడం, మూతి రుద్దడం వల్ల పిల్లి నేర్చుకునేది ఒక్కటే, మీరు ఉన్నప్పుడు పోయకూడదని. అప్పుడు బీరువా వెనక పోస్తుంది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే మళ్ళీ డాక్టరు దగ్గరికే. ఆందోళన తగ్గించే మందులు పిల్లులకి కూడా ఉన్నాయి, అవి మోతాదు చూసి ఆయనే ఇవ్వాలి. నెలలు పట్టొచ్చు. మాకు దాదాపు ఐదు నెలలు పట్టింది. ఇంట్లో పెంచిన పిల్లిని మార్కెట్లో వదిలేస్తే అది చేపలు తిని బతకదు, అక్కడి పిల్లులు, కుక్కలు బతకనివ్వవు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం అలా వదిలేయడం నేరం కూడా.

పండు ఇప్పుడు పదో ఏట ఉన్నాడు. ఆ దివాన్ మీదే అత్తయ్యగారి కాళ్ళ దగ్గర పడుకుంటాడు. వాడు వాడే డబ్బా షాపులో కొన్నది కాదు, బట్టలు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ టబ్బు, మూత తీసేసి ఒక వైపు అంచు కోసింది. అలాంటిదే ఒకటి తెచ్చాను, ఇదిగో ఈ బల్ల మీద ఉంది. అంచు ఎంత ఎత్తులో కోయాలో, కోసిన చోట గీసుకోకుండా టేపు ఎలా వేయాలో చూపిస్తాను, వెనక ఉన్నవాళ్ళు కాస్త ముందుకి రండి.