రేడియో టేపులో ఉన్న పాట సీడీలో ఎందుకు లేదు?

"రీమాస్టర్ చేసి చెడగొట్టారు." తొంభైల జంగిల్, టెక్నో (రెండూ డాన్స్ సంగీతాలే) పాట ఏది పెట్టినా కింద ఇదే కామెంట్, సీడీ కోసం శబ్దాన్ని మళ్లీ దిద్ది, రేడియో టేపులో విన్న పాటని పాడుచేశారని. ఎవరూ చెడగొట్టలేదండీ! 1994 నాటి రేడియో టేపుల్లో, అవి లండన్ పైరేట్ (లైసెన్సు లేని) స్టేషన్ కూల్ ఎఫ్ఎమ్‌వి కానీ, బీబీసీ రేడియో 1లో వచ్చే డీజే కార్యక్రమం ఎసెన్షియల్ మిక్స్‌వి కానీ, వినిపించేది అసలు వినైల్ డిస్కులో ఎప్పుడూ లేదు.

చపాతీ అనుకోండి. డిస్కు పిండిముద్ద మాత్రమే.

[తెర మీద: టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుల్, పిచ్ స్లైడర్ దగ్గరగా]

ముద్దని మొదట పిసికేది డీజే. వేగం మార్చే ఈ స్లైడర్ ±8 శాతం వరకు కదులుతుంది. తన వైపు 6 దాకా లాగాడా, 160 బీపీఎమ్ (నిమిషానికి అన్ని బీట్లు) పాట దాదాపు 170 అవుతుంది. ఆరున్నర నిమిషాల పాట 6:08కే అయిపోతుంది. వేగం ఒక్కటే కాదు, ఒకటి శ్రుతిలో ఉన్నది ఒకటిన్నరకి ఎక్కుతుంది. మీరు "గొంతు వేరేగా ఉంది" అనేది దీన్నే.

తర్వాత అప్పడాల కర్ర, అంటే స్టేషన్ కంప్రెసర్, పెద్ద శబ్దాలని తగ్గించే పరికరం. కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) పడగానే మొత్తం శబ్దాన్ని అణుస్తుంది, వదలగానే సింబల్స్ (డ్రమ్స్ తాళాలు), గొంతు ఉబ్బి పైకొస్తాయి. అదే ఆ "ఊపిరి". ఇంజనీర్లు దాన్ని తప్పంటారు, నాకైతే పాటలో సగం అందం అక్కడే.

[తెర మీద: స్పెక్ట్రమ్, 15 కిలోహెర్ట్జ్ పైన ఖాళీ]

ఇక డబ్బా మూతతో అంచులు కోయడం. స్టీరియో ఎఫ్ఎమ్‌లో 19 కిలోహెర్ట్జ్ దగ్గర పైలట్ సిగ్నల్ ఉంటుంది, ఇది స్టీరియో అని రేడియోకి చెప్పేది అదే. పాట దానికి తగలకూడదని 15 దగ్గరే కోసేస్తారు. హై-హ్యాట్ (జంట తాళాల) తళుకు అక్కడే పోతుంది.

క్యాసెట్ పెనం లాంటిది, ఎవరి పెనం వాళ్లదే. డాల్బీ (టేపు చప్పుడు తగ్గించే పద్ధతి) లేకుండా రికార్డు చేసి డాల్బీతో వింటే మొద్దుగా ఉంటుంది. టేపుని చదివే హెడ్ పక్క స్క్రూ కొంచెం తిరిగినా అంతే.

టైమ్ అయిపోతోంది, ఇంట్లో చేసే పద్ధతి గబగబా చెప్తా. శబ్దాన్ని ఎడిట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో స్పీడ్ +6 శాతం. టెంపో కాదు, టెంపో మారిస్తే శ్రుతి కదలదు. కంప్రెసర్ నిష్పత్తి 4:1, రిలీజ్ (వదిలే సమయం) 0.2 సెకన్లు. ఊపిరి వినపడకపోతే థ్రెషోల్డ్ (అణచడం మొదలయ్యే స్థాయి) దించండి. పై శబ్దాల్ని కోసే లో-పాస్ ఫిల్టర్ 15,000 హెర్ట్జ్. టేపు హిస్ (సుర్రుమనే చప్పుడు) ఆఖర్న కలపండి, ముందే కలిపితే కంప్రెసర్ దాన్నీ పైకి లాగేస్తుంది.