రిపోర్టు కన్నా ముందు ఊపిరి

శ్రోతలకు నమస్కారం.

2021 మే నెల, కోవిడ్ రోజులు. ఒక జీడితోట రైతు జ్వరంతో ఉద్దానం నుంచి మా ఆసుపత్రికి వచ్చారు. వయసు అరవై దాటింది. చేతిలో క్యారీబ్యాగు, అందులో నాలుగు మడతలు పెట్టిన రక్తపరీక్ష రిపోర్టు. కుర్చీలో కూర్చోకుండానే, "ఏటి బాబూ, నా రక్తం గడ్డకట్టీసిందట గదా?" అన్నారు. డీ-డైమర్ అన్న చోట 1800 అని ఉంది. దాని చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. వేలికి ఆక్సిమీటర్ పెట్టి చూస్తే 97. ఊపిరి నిమిషానికి 18 సార్లు. మాటల మధ్య ఎక్కడా ఆయాసం లేదు. ఆ ఎర్ర సున్నా చూసిన టెన్షన్‌తో రెండు రాత్రులుగా నిద్ర మాత్రం లేదు.

ఒంట్లో ఎక్కడైనా రక్తం గడ్డకడితే శరీరమే దాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. అలా కరిగేటప్పుడు రాలే తునకే డీ-డైమర్. కోవిడ్ ముదిరితే ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడతాయి కాబట్టి అప్పుడు ఈ అంకె పెరుగుతుంది. కానీ వయసు పెరిగినా, కడుపుతో ఉన్నా, ఆపరేషన్ అయినా పెరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నా పెరుగుతుంది. మా రైతుకు అప్పటికే ఆరేళ్లుగా క్రియాటినిన్ ఎక్కువ, అంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదు. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఏ వైరసూ లేకపోయినా డీ-డైమర్‌తోపాటు, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, ఫెరిటిన్ అనే పరీక్షల అంకెలూ ఎక్కువగానే ఉండొచ్చు. జ్వరం రాకముందు ఆయనకు ఆ అంకె ఎంతుండేదో ఎవరూ చూడలేదు. అలాగని కొట్టిపారేయలేదు. పిక్కల్లో వాపు, నొప్పి ఉన్నాయేమో చూశాం, ఛాతీ పరీక్షించాం, నాలుగు రోజులు గమనించాం. ఆయన నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు.

సీఆర్‌పీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని 1930లోనే కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడ వాపు రేగినా ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు కాలేయానికి అందుతుంది. కాలేయం వెంటనే సీఆర్‌పీ తయారుచేయడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లోనే అంకె పెరగడం మొదలై, సుమారు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. కారణం తగ్గితే రోజు తిరగకుండానే రక్తంలో ఉన్నది సగానికి పడిపోతుంది. అందుకే ఒక్క రిపోర్టు చూసి నేను పెద్దగా ఏమీ చెప్పలేను. నిన్న 80 ఉండి ఇవాళ 40 ఉన్న మనిషీ, నిన్న 20 ఉండి ఇవాళ 40 ఉన్న మనిషీ ఒకటి కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని ల్యాబులు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాస్తాయి, కొన్ని డెసీలీటరుకు రాస్తాయి. ఒకచోట 6 అంటే ఇంకోచోట 60. రెండు ఊళ్లలో చేయించిన పరీక్షలు పక్కపక్కన పెట్టుకుని "పదింతలైపోయింది" అని ఏడ్చినవాళ్లను చూశాను.

అంకె తక్కువగా ఉండి మోసపోయినవాళ్లూ ఉన్నారు. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒకావిడ గురించి చెబుతాను. జ్వరం వచ్చిన రెండో రోజే పరీక్ష చేయించుకున్నారు. సీఆర్‌పీ 9 వచ్చింది. ఏమీ లేదని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నారు. ఎనిమిదో రోజు పొద్దున బావి దగ్గర నుంచి బిందెతో వస్తూ గుమ్మంలోనే కూలబడ్డారు. ఆక్సిజన్ 86, సీఆర్‌పీ 130. కోవిడ్ చాలామందిని రెండో వారంలోనే దెబ్బతీసింది. రెండో రోజు రిపోర్టు ఎనిమిదో రోజుకు పూచీ ఇవ్వదు. దేవుడి దయవల్ల ఆవిడ కోలుకున్నారు గానీ, ఆ బిందె సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఈ అంకెలను పట్టుకుని మందు మొదలుపెట్టడం ఎంత ప్రమాదమో ఆ రోజుల్లోనే చూశాం. బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరిశోధన 2020 జూన్‌లో ఒక మాట తేల్చింది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు ఇస్తే, ఆక్సిజన్ అవసరమైనవాళ్లలో మరణాలు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు జరగలేదు. అదే పరిశోధన, ఇంటర్‌ల్యూకిన్-6 కబురును అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందును పరీక్షించినప్పుడు కూడా ఆక్సిజన్ తగ్గి, దానితోపాటు సీఆర్‌పీ 75 గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్లనే తీసుకున్నారు. రెండు షరతులూ కలిసి ఉండాలి. మన దగ్గర ఆక్సిజన్ 98 ఉన్నవాళ్లు కూడా సీఆర్‌పీ పెరిగిందని మూడో రోజే స్టెరాయిడ్ మింగారు. షుగర్ ఉన్నవాళ్లకు అది నాలుగు వందలకు ఎగబాకింది. కొందరికి ఆ వెనకే బ్లాక్ ఫంగస్ వచ్చింది.

మిగతా పరీక్షల గురించి రెండు ముక్కలు. తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు అనే రకం బాగా తగ్గడం, వాటితో పోలిస్తే న్యూట్రోఫిల్స్ అనే రకం బాగా పెరగడం జబ్బు ముదురుతోందనడానికి ఒక గుర్తు. అది మామూలు రక్తపరీక్షలోనే తెలుస్తుంది, ఖర్చూ తక్కువ. ఎల్‌డీహెచ్ అనేది కణాల లోపల ఉండే ఎంజైమ్, కణాలు దెబ్బతింటే రక్తంలో అది పెరుగుతుంది. అయితే రక్తం తీసేటప్పుడు సిరంజిని గట్టిగా లాగితే ట్యూబులోనే ఎర్రకణాలు పగిలి అంకె పెరిగిపోతుంది. అలాంటప్పుడు పైకి తేలిన సీరమ్ అనే ద్రవం గడ్డిరంగులో ఉండాల్సింది గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎల్‌డీహెచ్‌కే ఇంకో సంగతి. సీతంపేట, పార్వతీపురం కొండ ఊళ్లలో సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలున్నారు. వాళ్లకు ఎర్రకణాలు ఎప్పుడూ పగులుతూనే ఉంటాయి, జలుబు లేని రోజున చూసినా అది ఎక్కువే. ఆ కాగితాన్ని వాళ్ల సంగతి తెలిసిన డాక్టరే చదవాలి.

ఇక ఇంట్లో చేయగలిగింది చెబుతాను. రోగి పడుకున్నాక, లెక్కపెడుతున్నామని చెప్పకుండా, గడియారం చూస్తూ పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిండా ఒక నిమిషం లెక్కించండి. పెద్దవాళ్లకు 24 గానీ అంతకు మించి గానీ ఉన్నా, లేదా ఆక్సిమీటర్ 94 కన్నా తక్కువ చూపించినా, ఆసుపత్రికి బయలుదేరండి. ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లలకు ఆ లెక్క 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, రెండు నెలల్లోపు పసికందుకు 60. లెక్క ఎంతున్నా సరే, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా 108కి ఫోన్ చేయండి. పాత రిపోర్టులుంటే వెంట తెచ్చుకోండి, ముఖ్యంగా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, జ్వరం లేని రోజుల్లో చేయించుకున్నవి. రక్తపరీక్ష ఏది కావాలో మేము ఇక్కడ చూసుకుంటాం.

నమస్కారం.