ఎక్స్‌రేకు చిక్కని దవడ తిత్తులు

మిత్రులారా, నమస్కారం.

పేషెంట్‌కు కింది దవడ మోలార్‌లో (నమిలే పన్నులో) నొప్పి. ఆర్‌వీజీలో (పంటికి తీసే చిన్న డిజిటల్ ఎక్స్‌రేలో) వేరు కొన దగ్గర నలుపేమీ, అంటే ఎముక కరిగిన గుర్తేమీ లేదు. అంతమాత్రాన ఎముక బాగుందని రాసేయకండి. అక్కడ బయటి గట్టి పొర మందంగా ఉంటుంది. లోపలి గుల్ల ఎముక కరిగినా, ఆ గట్టి పొర దెబ్బతినేదాకా ఫిల్ములో తెలియకపోవచ్చు. బెండర్, సెల్ట్‌జర్ అనే పరిశోధకులు దవడ ఎముకల్లో గుంటలు చేసి 1961లోనే ఈ సంగతి చూపించారు. పై దవడలోనైతే సైనస్, చెంప ఎముక నీడలు వేళ్ల మీద పడి చూపును అడ్డుకుంటాయి.

సీబీసీటీ, అంటే దవడను మూడు కొలతల్లో చూపే కోన్ బీమ్ సీటీ స్కాన్, ఈ నీడలను విడదీస్తుంది. ఒక్క పన్ను మీదే అనుమానమైతే 5×5 సెంటీమీటర్ల ఫీల్డ్ (స్కాన్ పట్టే మేర), 0.1 మిల్లీమీటరుకు దగ్గరి వోక్సెల్ (బొమ్మలోని అతి చిన్న ఘనం) చాలు. పెద్ద తిత్తి అయితే దాని అంచులన్నీ పడేలా ఫీల్డ్ పెంచాలి. ఫీల్డ్ పెరిగితే రేడియేషనూ పెరుగుతుంది కాబట్టి అవసరానికి మించి తీయించడం తప్పు. గడ్డం ఆనించి, తలపట్టీ బిగించి, స్కాన్ అయ్యేదాకా మింగవద్దని ముందే చెప్పండి. పేషెంట్ కదిలితే ఎముక అంచు రెండు గీతలుగా వస్తుంది.

చూసేటప్పుడు స్లైసును (స్కాన్‌లోని పలచటి కోతను) వేరు పొడవుకు సరిగ్గా తిప్పుకోవాలి. మెటల్ క్యాప్, గట్టా పెర్చా (రూట్ కెనాల్‌లో నింపే పదార్థం) పక్కన వచ్చే నల్ల చారలను వేరు పగులుగా పొరబడడం తరచూ జరుగుతుంది. చార లోహం వరసలోనే సాగుతుంటే అది పగులు కాదేమోనని అనుమానించండి. నిజమైన పగులు, ఎముక కరిగిన చోటు వరుస స్లైసుల్లో, మూడు తలాల్లోనూ నిలబడాలి. పలచటి ఎముక పొర వోక్సెల్‌లో కలిసిపోయి, చిల్లు పడినట్టు కూడా కనిపిస్తుంది.

స్టాఫ్నే గుంట, అంటే కింది దవడ ఎముకలో ఉండే హాని లేని నొక్కు, సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఓపీజీలో (రెండు దవడలనూ ఒకేసారి చూపే ఎక్స్‌రేలో) దవడ మూల దగ్గర, నరం కాలువ కింద, అచ్చం తిత్తిలా ఉంటుంది. సీబీసీటీ అడ్డకోతలో చూస్తే నాలుక వైపు నుంచి లోపలికి పడిన నొక్కు అని తేలిపోతుంది. దానికి ఆపరేషనే అక్కర్లేదు!

కింది ముందుపళ్ల కొనల దగ్గర నలుపు కనిపిస్తే స్కాన్‌కన్నా ముందు పల్ప్ టెస్ట్ (పంటి లోపలి నరం బతికుందో లేదో చూసే పరీక్ష) చేయండి. పళ్లు బతికి ఉంటే అది సిమెంటో-ఆసియస్ డిస్‌ప్లేసియా (పంటి ఇన్‌ఫెక్షన్‌తో సంబంధం లేని ఎముక మార్పు) కావచ్చు. రూట్ కెనాల్ మొదలుపెట్టకండి.

సీబీసీటీలో బూడిదరంగు స్థాయిని బట్టి లోపల నీరుందో కండ ఉందో చెప్పలేం. గ్రాన్యులోమానో (వేరు కొన దగ్గర వాపుతో పెరిగిన కండో), తిత్తో బయాప్సీయే తేల్చాలి. పెద్ద తిత్తిని తెరిచే ముందు సూదితో లాగి చూడండి. సిరంజిలోకి రక్తం ఉబికి వస్తే అది రక్తనాళాల గడ్డ కావచ్చు కాబట్టి అక్కడితో ఆపి, పెద్ద ఆసుపత్రికి పంపండి.