తెర మీది వేలంలో పాట పాడే ముందు

నమస్కారం. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున జరిగే చేపల వేలాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ చేప కళ్ల ఎదుట ఉంటుంది, పాట పెంచుతున్న మనిషి పక్కనే నిలబడి ఉంటాడు, పాట నడిపించేవాడెవరో రేవులో అందరికీ తెలుసు. ఆన్‌లైన్ వేలంలో సరుకు ఒక ఫొటో, పోటీదారు ఒక మారుపేరు, నిర్వాహకుడు ఒక వెబ్‌సైటు చిరునామా మాత్రమే. మోసగాడు చొరబడేది ఈ మూడు చోట్ల నుంచే కనుక, పాట పాడే ముందు ఆ మూడింటినీ ఎలా సరిచూసుకోవాలో ఈ పాఠంలో చెప్పుకుందాం.

మొదట సరుకు సంగతి. మన ఊళ్లో ఒక అబద్ధం బాగా చెల్లుబాటవుతుంది. అమ్మకందారు తాను నావికాదళంలోనో, సీఐఎస్ఎఫ్‌లోనో పనిచేస్తున్నానని, బదిలీ అయినందువల్ల బుల్లెట్ బండినో ఫ్రిజ్‌నో తక్కువ ధరకు వేలానికి పెట్టానని చెబుతాడు. యూనిఫాంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు కాపీ వాట్సాప్‌లో పంపుతాడు. బండి చూడాలని మీరు అడిగితే, అది నేవల్ బేస్ లోపల ఉందని, బయటివారిని రానివ్వరని అంటాడు. బేస్ లోపలికి బయటివారిని ఊరకే రానివ్వరన్నది విశాఖవాసులందరికీ తెలిసిన నిజమే కాబట్టి, ఆ నిజం నీడలో అబద్ధం నిలబడిపోతుంది. దీనికి జవాబు తేలిక: బండి గేటు బయటకు రాగలదు. రానంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి. గుర్తింపు కార్డు కాపీని రుజువుగా లెక్కపెట్టకండి, ఎందుకంటే అది తరచుగా ఇంతకుముందు మోసపోయిన వ్యక్తి దగ్గర తీసుకున్నదే అయి ఉంటుంది. వాహనమైతే రిజిస్ట్రేషన్ నంబరును కేంద్ర రవాణా శాఖవారి పరివాహన్ వెబ్‌సైటులో చూసి, ఫైనాన్సు బాకీ ఉందో లేదో తెలుసుకోండి. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే, అదే ఫొటో మరో ఊరి ప్రకటనలో కనబడవచ్చు.

ఇక పోటీదారు. మీరు రూ.12,000 అనగానే ఎవరో 12,500 అంటారు. మీరు 13,000 అంటే అతడు 13,500 అంటాడు. ఆ ఎదుటి మనిషి అమ్మకందారే మరో ఖాతాతో పాడుతున్న దొంగపాట కావచ్చు. కొత్తగా తెరిచిన ఖాతా, ఒకే అమ్మకందారు వస్తువుల మీదే ఎప్పుడూ పాడే ఖాతా, చివరి నిమిషంలో తప్పుకునే ఖాతా కనబడితే అనుమానించాలి. వస్తు విక్రయ చట్టం 64వ సెక్షను ప్రకారం, ముందుగా ప్రకటించకుండా అమ్మకందారు తన వస్తువు మీద తానే పాడటం, ఇతరుల చేత పాడించడం చట్టవిరుద్ధం; ధర పెంచడానికి ఉత్తుత్తి పాటలు పాడిస్తే ఆ కొనుగోలును రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంది. ఆ చట్టం వచ్చింది 1930లో. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు కూడా 1930 కావడం యాదృచ్ఛికమే గాని, గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. చట్టం ఉన్నా దొంగపాటను రుజువు చేయడం కష్టం కాబట్టి, ఎంత వరకు పాడాలో వేలం మొదలుకాకముందే కాగితం మీద రాసుకుని, ఆ అంకె దగ్గర ఆగిపోవడమే నేను పాటించే పద్ధతి.

ఆగిపోయినా ఒక ఉచ్చు మిగిలే ఉంటుంది. నేను ఒకసారి కెమెరా లెన్సు కోసం పాడి ఓడిపోయాను. మర్నాడే, గెలిచినవారు తప్పుకున్నారని, నా చివరి ధరకే ఇస్తామని, అయితే వెబ్‌సైటుతో సంబంధం లేకుండా నేరుగా ఒక యూపీఐ నంబరుకు డబ్బు పంపమని మెసేజ్ వచ్చింది. ఓడిన బాధలో ఉన్నవాడికి అది వరంలాగే కనిపిస్తుంది. నేను వెబ్‌సైటులో నా ఖాతా తెరిచి చూస్తే అటువంటి ప్రతిపాదన ఏదీ లేదు. నిజమైన రెండో అవకాశం వేలం జరిగిన చోటే కనబడాలి; చెల్లింపు వెబ్‌సైటు బయట జరగాలని అడిగితే అది బేరం కాదు, వల.

అన్నిటికన్నా పెద్ద మొత్తాలు పోయేది నిర్వాహకుడి విషయంలో పొరపడినప్పుడే. మధురవాడలో ఫ్లాటు, గాజువాకలో షాపు బ్యాంకు వేలంలో చవకగా వస్తుందనే ప్రకటనలు మీ ఫోనుకూ వచ్చి ఉంటాయి. బాకీ పడిన ఆస్తులను బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం (బకాయిల వసూలుకు తాకట్టు ఆస్తిని అమ్మే అధికారం బ్యాంకుకు ఇచ్చే చట్టం) కింద నిజంగానే వేలం వేస్తాయి. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తులు బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో కనిపిస్తాయి. ప్రభుత్వ సంస్థల తుక్కు, మిగులు సామగ్రి వేలాలను ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నిర్వహిస్తుంది. విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ తన ప్లాట్లను ఈ-వేలంలో పెడుతుంది. ప్రకటనలోని లింకును నొక్కకుండా, ఆ పోర్టల్ చిరునామాను మీరే టైపు చేసి, ఆ ఆస్తి అక్కడ ఉందో లేదో చూడండి. బ్యాంకుల వెబ్‌సైట్లు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కనుక, చిరునామా చివర ఏముందో చదవడం అలవాటు చేసుకోండి. తర్వాత సేల్ నోటీసులో పేర్కొన్న శాఖకు స్వయంగా వెళ్లి, ఆ వేలం బాధ్యత చూసే అధీకృత అధికారిని కలవండి. ఆ శాఖ ద్వారకానగర్‌లో ఉందనుకుంటే, అక్కడికి వెళ్లి రావడానికి అయ్యే ఆటో ఖర్చు, పాటలో పాల్గొనడానికి ముందుగా కట్టే ధరావతు ముందు ఎంత?

ఇక్కడ తొందర ఎలా పుడుతుందో లెక్క వేసి చూపిస్తాను. ఒక ఫ్లాటు రిజర్వు ధర, అంటే అంతకన్నా తక్కువకు అమ్మని కనీస ధర, రూ.40 లక్షలు, ధరావతు 10 శాతం, అంటే 4 లక్షలు అనుకుందాం. మీరు 44 లక్షలకు పాట గెలిస్తే, ధరావతుతో కలిపి 25 శాతం, అంటే 11 లక్షలు, అదే రోజు లేదా మరుసటి పనిదినంలోగా కట్టాలి. చేతి నుంచి వెంటనే పడవలసింది 7 లక్షలు. మిగిలిన 33 లక్షలు సాధారణంగా అమ్మకం ఖరారైన 15 రోజుల్లో చెల్లించాలి. తప్పితే కట్టినది జప్తవుతుంది. ఈ గడువు భయం మోసగాడికి తెలుసు. గెలిచిన సాయంత్రమే, బ్యాంకు అధికారి పేరుతో, ఖాతా నంబరు మారిందని ఈమెయిల్ వస్తుంది. సేల్ నోటీసులో అచ్చయిన ఖాతాకు తప్ప మరో ఖాతాకు ఒక్క రూపాయి కూడా పంపకండి. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పద్ధతుల్లో బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పంపేముందు గ్రహీత పేరు చూసుకునే సదుపాయం 2025 ఏప్రిల్ నుంచి ఉంది. అక్కడ బ్యాంకు పేరు కాక ఎవరో వ్యక్తి పేరు కనబడితే ఆగిపోండి. మోసం కాకపోయినా, స్వాధీనం లాంఛనమే అని, అంటే ఆస్తి బ్యాంకు చేతికి కాగితం మీదే వచ్చిందని, నోటీసులో ఉంటే తాళం చేతికి రావడానికి చాలాకాలం పట్టవచ్చు కాబట్టి ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), ఆస్తిపన్ను బకాయిలతోపాటు ఆ మాట కూడా చదవాలి.

యూపీఐ గురించి ఒక్క మాటే. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయనక్కర్లేదు. రిఫండ్ ఇస్తామంటూ ఆ రెండింటిలో ఏది అడిగినా, అది మీ ఖాతా నుంచి డబ్బు లాగడానికే.

పోయిన పక్షంలో గంటల్లో కాదు, నిమిషాల్లో 1930కి ఫోను చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఖాతాలు మారకముందే నిలిపివేయించే అవకాశం అప్పుడే ఉంటుంది. అనధికార లావాదేవీని మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం అంటని సందర్భాలను రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతాయి గాని, మోసపోయి మీరే పిన్ కొట్టిన చెల్లింపుకు ఆ రక్షణను నమ్ముకోలేం. సరుకు రాకపోవడం, వేరే సరుకు రావడం వంటి తగాదాలకు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మకందారు ఏ ఊరివాడైనా మీరు విశాఖలోనే కేసు వేయవచ్చు. వేలం పేజీ, సంభాషణ, యూటీఆర్ నంబరు (ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. ఆ తర్వాత కొన్నాళ్లకు, పోయిన డబ్బు వెనక్కి ఇప్పిస్తామని, ముందుగా ప్రాసెసింగ్ ఫీజు కట్టాలని ఎవరో ఫోను చేస్తారు. ఆ ఫోను కూడా అదే ముఠా నుంచి వచ్చి ఉండవచ్చు. ఆ నంబరును మీ పాత ఫిర్యాదుకే జత చేయించండి.