ఆకుపచ్చ టిక్కు చూసి నిద్రపోతున్నారా? ఆ బ్యాకప్ మీది కాదు!

మీ డేటాబేస్ బ్యాకప్ ఎక్కడుంది? డ్యాష్‌బోర్డులో టిక్కు సంగతి కాదండీ నేనడిగేది. ఫైలు! మీ డిస్కు మీద, మీరు తెరవగలిగే ఫైలు. లేదా? అయితే ఆ బ్యాకప్ క్లౌడ్ కంపెనీది, మీది కాదు.

అమెజాన్ వాళ్ల క్లౌడ్ డేటాబేస్ సర్వీసు ఆర్‌డీఎస్‌నే చూడండి. ఆటోమేటిక్ బ్యాకప్‌లు గరిష్ఠంగా 35 రోజులు ఉంచుతారు, బాగానే ఉంది. డౌన్‌లోడ్ బటన్ ఏదీ? లేదు! అమెజాన్ ఫైల్ స్టోరేజీ ఎస్‌3కి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చుగా అంటారు. చేస్తే వచ్చేవి పార్కే ఫైళ్లు. వాటితో రిపోర్టులు తీసుకోండి గానీ, డేటాబేస్‌ని నేరుగా రీస్టోర్ చేయలేరు. ఇది మరిచిపోయి వదిలేసిన ఫీచరా? నేను నమ్మను. బయటికి దారి ఇరుకైతే కస్టమర్ కదలడు, అదీ లెక్క. కాదనేవాళ్లు కామెంట్లలోకి రండి, తేల్చుకుందాం. ఇలాంటిదే మరో సర్వీసు హెరోకూ నయం, అడిగితే డంప్ ఫైలు, అంటే డేటాబేస్ మొత్తం దింపిన ఫైలు, చేతిలో పెడుతుంది. ఇంకో సర్వీసు సూపాబేస్ ఫ్రీ ప్లానులోనైతే ఆటోమేటిక్ బ్యాకప్పే లేదు.

కాబట్టి మీరే లాగండి. మీది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే కమాండ్ ఇదీ: పీజీ డంప్, మైనస్ పెద్ద ఎఫ్, చిన్న సీ. సూపాబేస్‌లో 6543 పోర్టు జోలికి పోకండి, 5432 వాడండి. డంప్ టూల్ మేజర్ వెర్షన్ సర్వర్‌ కంటే పాతదైతే మొండికేసి ఆగిపోతుంది. కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్ తన డేటాబేస్‌ని పొరపాటున తుడిచేసుకున్న రోజు, 2017 జనవరి 31, గుర్తుందిగా? సర్వర్ 9.6, టూల్ 9.2. బ్యాకప్‌లు ఫెయిలవుతూనే ఉన్నాయి, ఆ సంగతి చెప్పే మెయిళ్లేమో డీమార్క్ (మెయిల్ అసలుదేనని తేల్చే ఏర్పాటు) లేక తిరస్కారం! బ్యాకప్‌లు ఉండాల్సిన ఎస్‌3 బకెట్ ఖాళీ. ఆరు గంటల ముందు వేరే పనికి చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా నకలు) దొరికింది కాబట్టి బతికారు.

ఇక చెకింగ్. డంప్‌ని తిరిగి ఎక్కించే టూల్ పీజీ రీస్టోర్. "పీజీ రీస్టోర్ లిస్ట్ కొట్టా, టేబుళ్లన్నీ కనిపించాయి" అంటారు కొందరు. అయ్యా, ఆ పట్టిక ఫైలు మొదట్లోనే ఉంటుంది! డౌన్‌లోడ్ సగంలో తెగినా లిస్టు నిక్షేపంగా వస్తుంది. పీజీ రీస్టోర్‌కి మైనస్ చిన్న ఎఫ్, స్లాష్ డెవ్ స్లాష్ నల్ (రాసినదంతా పారేసే చోటు) ఇవ్వండి. ఫైలు చివరిదాకా చదువుతుంది, తెగి ఉంటే అక్కడే అరుస్తుంది.

అదీ చాలదు. డాకర్‌లో (మీ మెషిన్ మీదే ప్రోగ్రాముల్ని విడిగా నడిపే టూల్) అదే మేజర్ వెర్షన్ ఖాళీ పోస్ట్‌గ్రెస్ లేపి అందులోకి ఎక్కించండి. నో ఓనర్, నో ఏసీఎల్, ఎగ్జిట్ ఆన్ ఎర్రర్, పీజీ రీస్టోర్‌కి ఈ మూడు ఆప్షన్లూ పెట్టండి. మూడోది లేకపోతే ఎర్రర్లు వచ్చినా ఆగకుండా చివరిదాకా పోయి, ఆఖర్లో ఇన్ని వదిలేశానని లెక్క చెప్పి ఊరుకుంటుంది. పీజీవెక్టర్ అనే పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నారా? డాకర్ మామూలు పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌లో అది ఉండదు, వెక్టర్ కాలమ్ ఉన్న టేబులే ఏర్పడదు. ఎక్కాక ముఖ్యమైన టేబుల్లో ఆఖరి వరస తేదీ చూడండి. డంప్ మొదలైన సమయానికి దగ్గరగా ఉండాలి.

యూజర్లు, రోల్స్ ఈ డంప్‌లో రావు. పీజీ డంప్ ఆల్, గ్లోబల్స్ ఓన్లీ కొట్టాలి. ఆర్‌డీఎస్‌లోనైతే నో రోల్ పాస్‌వర్డ్స్ కూడా కలపాలి, ఎందుకంటే పాస్‌వర్డ్ హ్యాష్‌లు మీకు చూపించరు! మీ డేటాబేస్, మీ యూజర్లు, అయినా చూపించరు. రీస్టోర్ చేశాక పాస్‌వర్డ్‌లన్నీ మళ్లీ మీరే పెట్టుకోవాలి.

ఈ రాత్రికే ఒకసారి ఎక్కించి చూడండి. మొదటి ఎర్రర్ ఏమొచ్చిందో కింద కామెంట్లో పెట్టండి.