చమురు అయిపోతుందని ఎదురుచూడకండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం. స్వాగత వచనాలు ముందు మాట్లాడినవారు తనివితీరా పలికారు కనుక నేను నేరుగా విషయానికి వస్తాను.

నాకిచ్చిన అంశం 'చమురు ఎప్పుడు అయిపోతుంది?' దాని గురించి చెబుతాను. కానీ నేను ఈ సభకు ఒప్పుకున్నది మరో మాట చెప్పడానికి. చమురు, బొగ్గు కాలిస్తే గాలిలో కలిసే కర్బనానికి ధర కట్టించే కార్బన్ పన్ను అనే ఒక మంచి ఆలోచనను, దాన్ని ప్రేమించినవాళ్లే ఎలా చేజార్చుకున్నారో ఎక్కడో ఒకచోట గట్టిగా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు చమురు. 1956 మార్చిలో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో చమురు రంగంవారి సమావేశం జరిగింది. షెల్ కంపెనీలో పనిచేసే మారియన్ కింగ్ హబ్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మాట్లాడాలి. వేదిక ఎక్కబోయేముందు ప్రధాన కార్యాలయం నుంచి ఫోను వచ్చిందనీ, ప్రసంగంలోని సంచలన భాగాన్ని తగ్గించమన్నారనీ ఆయనే తర్వాత చెప్పారు. ఆయన తగ్గించలేదు. అమెరికా చమురు ఉత్పత్తి 1965-70 ప్రాంతంలో శిఖరానికి చేరి, అక్కడినుంచి దిగుతుందని లెక్క గీసి చూపించారు. నమ్మినవాళ్లు తక్కువ. 1970లో శిఖరం వచ్చింది, దిగడం మొదలైంది.

కథ అక్కడితో ఆగితే నేనూ మీలాగే చమురు అయిపోయే రోజు కోసం లెక్కలు వేసుకునేవాణ్ణి. ఆగలేదు. రాతిపొరల్లో ఇరుక్కున్న చమురును నీటి ఒత్తిడితో పగలగొట్టి తీయడం నేర్చారు. 2018లో అమెరికా 1970 నాటి రికార్డునే దాటింది.

తరుగుదల అబద్ధమని నేననడం లేదు. మెక్సికోలో కాంటరెల్ అనే మహా క్షేత్రం 2004 ప్రాంతంలో రోజుకు 20 లక్షల పీపాలకు పైగా ఇచ్చి, కొద్ది ఏళ్లలోనే చతికిలబడింది. ఉత్తర సముద్రంలో బ్రిటన్ ఉత్పత్తి 1999లో శిఖరం చూసి దిగిపోయింది. తేలిగ్గా దొరికేది తరుగుతోంది. ఖర్చుపెట్టి, రాళ్లు పగలగొట్టి, సముద్రం అడుగుకు దిగి తీయాల్సినది మిగులుతోంది. ధర పెరిగితే దాన్నీ తీస్తారు, పడిపోతే మూత వేస్తారు. 2008 జులైలో పీపా 147 డాలర్లు పలికింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు వాయిదా ధర, అంటే సరుకు తర్వాత అందుకునేలా ముందే కుదుర్చుకునే ఒప్పందం ధర, సున్నా కిందికి, మైనస్ 37 డాలర్లకు పడింది. కొన్నవాళ్లకు అమ్మినవాళ్లే ఎదురు డబ్బిచ్చారు! ఇలాంటి సరుకు తనంతట తాను అయిపోయి మనల్ని కాపాడుతుందా? వాతావరణం పాడవడానికి కావలసినంత చమురు, బొగ్గు, గ్యాస్ భూమిలో ఇంకా ఉన్నాయి.

నేను రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. ఒక్క లెక్క చెప్పనివ్వండి. వెనక వరుసల్లో ఉన్న విద్యార్థులు ముఖ్యంగా వినాలి. లీటరు పెట్రోలు తూకం వేస్తే ముప్పావు కిలో ఉంటుంది. అది కాలితే వెలువడే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 2.3 కిలోలు. ముప్పావు కిలో లోపలికి పోతే రెండు కిలోల పైన ఎలా బయటికొచ్చింది? కర్బనం పెట్రోలుది, ఆక్సిజన్ గాలిది. 12 గ్రాముల కర్బనం 32 గ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. వాసన ఉండదు, రంగు ఉండదు కనుక మనకు పట్టదు. మనం డబ్బు కట్టేది ఆ ముప్పావు కిలోకే. ఆకాశంలోకి పారబోసే 2.3 కిలోలకు లెక్కాపత్రం లేదు.

లోకమంతా రోజుకు సుమారు పది కోట్ల పీపాలు వాడుతోంది. పీపాకు 159 లీటర్లు. మిగతా గుణకారం ఇంటికి వెళ్లి చేసుకోండి.

ప్రత్యామ్నాయ ఇంధనాల సంగతి చాలామంది అడుగుతారు. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. అంటే ఆలోచన కొత్తది కాదు. ఇథనాల్ లీటరుకు పెట్రోలు ఇచ్చే శక్తిలో మూడింట రెండు వంతులే ఇస్తుంది, పైగా దానికి పొలం కావాలి, నీళ్లు కావాలి. హైడ్రోజన్ అంటే ఊగిపోతున్నారు. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పోతుంది. దాంట్లో మిగిలేది 33 యూనిట్ల పాటి శక్తి. ఉక్కు కొలిమికి, ఎరువుల కర్మాగారానికి అది అవసరమే. కారుకైతే ఆ కరెంటును నేరుగా బ్యాటరీకి ఎక్కించడం మేలు. ఇవన్నీ నిలదొక్కుకోవాలంటే, ఉచితంగా పారబోసే హక్కు ఉన్న సరుకుతో పోటీపడాలి. ఆ పోటీ న్యాయంగా లేదు.

అందుకే కార్బన్ పన్ను. పరుల మీద పడే నష్టాన్ని ధరలో కలపాలని ఆర్థర్ పిగూ అనే ఆర్థికవేత్త 1920లోనే రాశాడు. ఫిన్లాండ్ 1990లో, స్వీడన్ 1991లో అమలు చేశాయి. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆస్ట్రేలియా 2012 జులైలో తెచ్చి, ప్రభుత్వం మారాక 2014 జులైలో రద్దు చేసింది. ఫ్రాన్స్‌లో 2018 నవంబరులో పసుపు చొక్కాలు వేసుకుని జనం రోడ్లెక్కారు. వాళ్లను వెనకబడ్డవాళ్లని తిట్టినవాళ్లున్నారు. నాకు మాత్రం వాళ్ల మీద కోపం రాదు. బస్సు రాని పల్లెలో ఉండి, డీజిల్ కారు తప్ప గతిలేనివాడి మీద పన్ను పెంచారు. అదే ఏడాది సంపన్నుల ఆస్తి పన్నును చాలావరకు ఎత్తేశారు. ఎవరికి మండదు?

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది కెనడా. అమ్మా, అయ్యా, ఇది జాగ్రత్తగా వినండి. వాళ్లు సరిగ్గా ఆలోచించారు. 2019లో పన్ను పెట్టి, వచ్చినదాంట్లో 90 శాతం కుటుంబాలకే తిరిగి ఇచ్చారు. నేరుగా కట్టిన పన్నుతో పోలిస్తే చాలా కుటుంబాలకు తిరిగొచ్చిందే ఎక్కువని ఆ దేశ పార్లమెంటు బడ్జెట్ అధికారి లెక్క తేల్చారు. మరి ఆ డబ్బును ఎలా ఇచ్చారు? మొదటి ఏళ్లలో వార్షిక పన్ను పత్రంలో ఒక వరుసగా ఇచ్చారు. 2022లో మూడు నెలలకోసారి బ్యాంకులో వేయడం మొదలుపెట్టారు. ఖాతాలో ఏ బ్యాంకుకు తోచిన పొడి అక్షరాలు ఆ బ్యాంకు రాసింది. అదేం డబ్బో తెలియనివాళ్లు కొల్లలు. పన్ను మాత్రం బంకు దగ్గర కొట్టొచ్చినట్టు కనిపించింది. ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వమైతే 2019లో, పన్ను ఎంత పెరగబోతోందో చెప్పే స్టిక్కరును ప్రతి పంపుకూ అంటించాలని శాసించింది. తిరిగొచ్చే డబ్బు ఊసు దాని మీద లేదు. మరుసటి ఏడు కోర్టు ఆ శాసనాన్ని కొట్టేసింది, కానీ జరగాల్సింది జరిగిపోయింది. ఖాతాలో డబ్బు పేరు స్పష్టంగా రాయాలన్న చట్టం 2024కు గానీ రాలేదు. 2025 ఏప్రిల్ 1న జనం వాడే ఇంధనం మీద ఆ పన్నును ప్రభుత్వమే సున్నా చేసింది.

పన్నుకు స్టిక్కరు ఉంది, తిరిగొచ్చిన డబ్బుకు పేరు లేదు! ఇది చమురు కంపెనీల కుట్ర అని తప్పించుకోవద్దు. ముందు డబ్బు చేతికివ్వాలి. పన్ను వసూలు మొదలుకాకముందే, మొదటి వాయిదా, పేరుతో సహా, ఇంటి ఆడవాళ్ల చేతికివ్వాలి. ఆ తర్వాత పంపు దగ్గర ధర పెంచాలి. ఈ వరుస తలకిందులైతే మంచి చట్టం పోయి, చెడ్డపేరు మిగిలే ప్రమాదం ఉంది.

సమయం అయిందని అధ్యక్షులు గుర్తుచేస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఐరోపా సమాఖ్య బయటినుంచి వచ్చే ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల మీద 2026 జనవరి నుంచి కార్బన్ సుంకం లెక్క మొదలుపెట్టింది. సరుకు తయారైన దేశంలోనే కార్బన్ ధర కట్టి ఉంటే అంతమేరకు తగ్గిస్తారు. కట్టకపోతే ఆ సొమ్ము ఐరోపాకు పోతుంది. అంటే ఎగుమతి చేసే ప్రతి దేశం ముందూ ఇప్పుడొక ప్రశ్న ఉంది: ఆ డబ్బును మనమే వసూలు చేసుకుందామా, చేస్తే ఎవరి చేతికిద్దాం? ఇక ప్రశ్నలు అడగండి. దీని గురించి అడగదలచినవాళ్లకే మొదటి అవకాశం.